మొక్కల అధిశోషకాలతో నీటిలోని భారలోహాల తొలగింపు: హైదరాబాద్ పాతబస్తీ, మూసీ పరివాహకం

నీటిలో కరిగి ఉన్న సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, రాగి, జింకు వంటి లోహాలను గింజల పొడి, ఆకుల పొడి, బెరడు, తొక్క, పొట్టు, బొగ్గు వంటి మొక్కల పదార్థాలతో పట్టి బయటికి తీసే పద్ధతిని మొక్కల ఆధారిత అధిశోషణం అంటారు. ద్రవంలో కరిగిన పదార్థం ఒక ఘనపదార్థపు ఉపరితలానికి అంటుకుని నిలిచిపోవడమే అధిశోషణం. అలా పట్టి ఉంచే పదార్థం అధిశోషకం. ముడిసరుకు చవక, తయారీ తేలిక. చిన్న మోతాదు నీటిలో ఒకటి రెండు లోహాలే ఉన్నచోట ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. కాటేదాన్ పారిశ్రామికవాడ, మూసీ ఒడ్డు, పాతబస్తీ చిన్న కార్ఖానాలు కలిసిన హైదరాబాద్ దక్షిణ భాగానికి ఇది పట్టించుకోవలసిన విషయం. పైగా ఈ రంగంలో పేరున్న పరిశోధనల్లో కొన్ని ఈ నగరంలోనే, తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనే జరిగాయి.

నేపథ్యం: మూసీ, కాటేదాన్

మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మధ్యగా పారి, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పాతబస్తీ దీని దక్షిణపు ఒడ్డున ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాత నగర రక్షణ కోసం ఎగువన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టారు. అంతకు ముందు పాతబస్తీ దాహం తీర్చినది 19వ శతాబ్ది తొలినాళ్లలో కమానుల కట్టతో నిర్మించిన మీర్ ఆలం చెరువు. ఇప్పుడు జంట జలాశయాల దిగువన మూసీలో ఏడాదిలో ఎక్కువ కాలం పారేది నగరపు మురుగునీరే.

పాతబస్తీకి దక్షిణాన ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని హైదరాబాద్‌లోని నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు నార్వే సంస్థలతో కలిసి పరీక్షించారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. అద్దకం, వంటనూనె, బ్యాటరీలు, లోహపు పూత (ప్లేటింగ్), రసాయనాల వంటి పనులు చేసే దాదాపు 300 పరిశ్రమలు అక్కడ ఉన్నాయనీ, వాటిలో చాలా వరకు వ్యర్థజలాలను శుద్ధి చేయకుండా ఖాళీ నేల మీదికో గుంతల్లోకో వదులుతున్నాయనీ ఆ అధ్యయనం నమోదు చేసింది. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం మోతాదులు పారిశ్రామికవాడ అంతటా చాలా ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఆ వాడలోనే ఉన్న నూర్ మహమ్మద్ కుంట పరిశ్రమల నీళ్లు చేరి చెడిపోయిన చెరువు.

నగరం దాటాక మూసీ నీటితో పారా గడ్డి, ఆకుకూరలు, వరి పండిస్తారు. ఆ గడ్డి పాడిపశువులకు మేత, ఆకుకూరలు నగరపు కూరగాయల మార్కెట్లకు సరుకు. హైదరాబాద్ చుట్టుపక్కల మురుగునీటితో సాగయ్యే నేలల మీద 2008లోనే వెలువడిన మరో అధ్యయనం మట్టితోపాటు గడ్డిలో, కూరగాయల్లో, పాలలో కూడా లోహాలను కొలిచింది. లోహం కుళ్లదు, సూక్ష్మజీవులు దాన్ని తినేయలేవు. ఒకచోట నుంచి మరోచోటికి, నీటి నుంచి మట్టికి, మట్టి నుంచి మేతకు చేరుతుందే తప్ప ఎక్కడా అంతరించదు. అందుకే దాన్ని పట్టి తీయడం తప్ప మరో దారి లేదు.

హాని, పరిమితులు

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. ఆరు వేలెన్సీ క్రోమియం, కాడ్మియం, ఆర్సెనిక్ క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. పాదరసం ఎంత విషాదం తేగలదో 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడింది.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003, నికెల్ 0.02, మొత్తం క్రోమియం 0.05, పాదరసం 0.001 మించకూడదు. పరిశ్రమలు నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటికి 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల కింద వేరే సాధారణ పరిమితులున్నాయి: లీటరుకు సీసం 0.1 మిల్లీగ్రాము, ఆరు వేలెన్సీ క్రోమియం 0.1, మొత్తం క్రోమియం 2, నికెల్ 3, రాగి 3, జింకు 5. ఒక అధిశోషకం "95 శాతం లోహం తీసింది" అన్నంత మాత్రాన సరిపోదు. లీటరుకు 100 మిల్లీగ్రాముల సీసం ఉన్న నీటిలో 95 శాతం పోయినా ఇంకా 5 మిల్లీగ్రాములు మిగులుతుంది. అది వదలదగిన పరిమితికి 50 రెట్లు. ఈ రంగంలోని ఏ ఫలితాన్ని చదివినా ముందు చూడవలసింది నీటిలో చివరికి మిగిలిన మోతాదు.

పనిచేసే తీరు

మొక్కల కణకవచంలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్, పెక్టిన్ ఉంటాయి. బెరడులో, కొన్ని ఆకుల్లో, గింజల పైపొరల్లో టానిన్లు అదనం. వీటి అణువుల మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, ఫినాల్, అమైనో సమూహాలు అతుక్కుని ఉంటాయి. లోహపు అయాన్‌ను పట్టుకునేవి ఇవే.

ఈ పట్టు మూడు విధాలు. మొదటిది అయాన్ వినిమయం: పొడిలో అప్పటికే ఉన్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం నీటిలోకి వెళ్లిపోతే వాటి చోట సీసమో కాడ్మియమో కూర్చుంటుంది. రెండోది సంక్లిష్ట బంధం: ఆక్సిజన్, నైట్రోజన్ పరమాణువులు తమ ఎలక్ట్రాన్ జంటలతో లోహాన్ని కట్టిపడేస్తాయి. మూడోది క్షయకరణం. ఇది ముఖ్యంగా క్రోమియంలో కనిపిస్తుంది. ఆరు వేలెన్సీ క్రోమియం నీటిలో రుణావేశం గల క్రోమేట్ రూపంలో ఉంటుంది. ఆమ్లగుణం ఎక్కువైన నీటిలో మొక్కల పొడి దాన్ని పట్టుకోవడమే కాక, చాలావరకు అంతగా విషం కాని మూడు వేలెన్సీ రూపానికి మార్చేస్తుంది.

కాబట్టి నీటి ఆమ్లగుణాన్ని చూపే పీహెచ్ విలువే ఈ ప్రక్రియకు తాళంచెవి. సీసం, రాగి, కాడ్మియం, నికెల్ వంటి ధనావేశ లోహాలకు సాధారణంగా 5, 6 మధ్య పీహెచ్ అనుకూలం. పీహెచ్ 2 దగ్గర నీటిలోని హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లన్నీ ఆక్రమిస్తాయి. పీహెచ్ బాగా పెరిగితే లోహం హైడ్రాక్సైడ్‌గా అడుగున పేరుకుంటుంది. దాన్ని అధిశోషణం ఖాతాలో వేయకూడదు. క్రోమేట్‌కు మాత్రం పీహెచ్ 2 దగ్గరే పని బాగా జరుగుతుంది. నికెల్, క్రోమియం రెండూ కలిసిన ప్లేటింగ్ నీటిని ఒకే తొట్టెలో ఒకే పొడితో శుభ్రం చేయాలనుకోవడం ఇందుకే కుదరదు.

సామర్థ్యాన్ని లెక్కగట్టే విధానం

ఒక గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాముల లోహాన్ని పట్టగలదన్నదే సామర్థ్యం. దీన్ని అంచనా కట్టడానికి ఫ్రాయిండ్లిష్, లాంగ్‌మ్యూర్ సమీకరణాలు వాడతారు. ఇవి రెండూ 20వ శతాబ్ది తొలి రెండు దశాబ్దాల నాటివి. పట్టు ఎంత వేగంగా జరుగుతుందో చెప్పడానికి 1898 నాటి లాగర్‌గ్రెన్ సమీకరణం, 1999లో హో, మెకే బాగా ప్రచారంలోకి తెచ్చిన ద్వితీయ క్రమ సమీకరణం వాడుకలో ఉన్నాయి.

లాంగ్‌మ్యూర్ సమీకరణం చెప్పే ముఖ్యమైన సంగతిని చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక పొడి గరిష్ఠ సామర్థ్యం గ్రాముకు 40 మిల్లీగ్రాములు, దాని ఆకర్షణ స్థిరాంకం మిల్లీగ్రాముకు 0.1 లీటరు అనుకుందాం. సమతాస్థితిలో నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల లోహం మిగిలి ఉంటే గ్రాము పొడి 20 మిల్లీగ్రాములు పట్టి ఉంటుంది. అదే నీటిలో మిగిలేది 0.1 మిల్లీగ్రాముకు దిగాలంటే గ్రాము పొడి పట్టేది 0.4 మిల్లీగ్రాము మాత్రమే. నీరు శుభ్రపడేకొద్దీ పొడి పట్టు సడలుతుంది. ప్రయోగశాలలో చిక్కటి ద్రావణంలో వచ్చిన పెద్ద అంకెను పట్టుకుని నదినీటికి లెక్క వేస్తే తప్పుడు ఆశ మిగులుతుంది.

తెలుగునాట పరిశోధనలు

హైదరాబాద్ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఎం.ఎన్.వి. ప్రసాద్ బృందం ఈ విషయంపై చేసిన కృషి గమనించదగ్గది. నీటి నుంచి సీసాన్ని తీయడానికి చిల్లగింజల పొడిని, సర్కారు తుమ్మ గింజల పొడిని పరీక్షించిన ఫలితాలు 2009లో అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. మరుసటి ఏడాది ఈశాన్య భారతపు ఒక వెదురు రకం నుంచి చేసిన ముడి బొగ్గును, ఉత్తేజిత బొగ్గును పోల్చి చూసిన అధ్యయనం వెలువడింది.

ఈ రెండు గింజల ఎంపిక అర్థవంతమైనది. బురదనీరు తేరుకోవడానికి చిల్లగింజను అరగదీసి కలపడం మన పల్లెల్లో తరతరాల అలవాటు. సర్కారు తుమ్మ అయితే బీడు భూముల్లో, చెరువు కట్టల వెంట, రోడ్ల పక్కన ఎవరూ నాటకుండానే అల్లుకుపోయే ముళ్లచెట్టు. కాయలకు కొదవ ఉండదు. అయితే చిల్లగింజ విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. మట్టిరేణువులను దగ్గరకు చేర్చి అడుగుకు దించడం వేరు, కరిగిన సీసాన్ని పట్టడం వేరు. మునగ గింజలోని ధనావేశ ప్రోటీన్లు చేసేది కూడా ప్రధానంగా మొదటి పనే. నీరు తేటగా కనిపించినంత మాత్రాన అందులో లోహం లేదని కాదు.

తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కె. శేషయ్య బృందం మునగ మీద వరుసగా పనిచేసింది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో మునగ బెరడు పీహెచ్ 5 వద్ద గ్రాముకు 34.6 మిల్లీగ్రాముల సీసం పట్టింది. మునగ ఆకుల పొడిని క్షారంతో, తర్వాత సిట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేసి కార్బాక్సిల్ సమూహాలను పెంచినప్పుడు అది సీసం పట్టే సామర్థ్యం గ్రాముకు 209 మిల్లీగ్రాముల దాకా వెళ్లింది. నిమ్మపండులో ఉండే ఆమ్లంతో చేసే ఇలాంటి శుద్ధి, ఉపరితల రసాయనం ఎంత ముఖ్యమో చూపుతుంది. తెల్ల బూరుగు కాయల డొప్పల బొగ్గుతో రాగి, కాడ్మియం తొలగింపును 2006లో, పెసర పొట్టు బొగ్గుతో సీసం, జింకు, రాగి, కాడ్మియం తొలగింపును 2009లో ఇదే విశ్వవిద్యాలయం వెలువరించింది.

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమికల్ ఇంజనీరింగ్ విభాగం 2006, 2008 మధ్య టేకు ఆకుల పొడితో రాగి, జింకు, నేరేడు ఆకుల పొడితో సీసం, జింకు తొలగింపును అధ్యయనం చేసింది. 2013లో సీతాఫలం తొక్క పొడితో క్రోమియం తొలగింపుపై ఉత్తరాంధ్ర నుంచి పరిశోధన వచ్చింది. దేశంలో మరోచోట గౌహతి విశ్వవిద్యాలయం వేపాకు పొడిపై, ముంబయి ఐఐటీ చింతగింజలపై, కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం వేరుశనగ పొట్టు బొగ్గుపై, కొబ్బరిపీచు పొట్టు బొగ్గుపై చేసిన పని తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

తయారీ

సర్కారు తుమ్మ గింజనే ఉదాహరణగా తీసుకుంటే పని ఇలా సాగుతుంది. పండి రాలిన కాయలను ఏరి, ఎండబెట్టి, నలగ్గొట్టి గింజలు వేరుచేస్తారు. మట్టి, జిగురు పోయేదాకా నీళ్లతో పలుమార్లు కడిగి, ఆరబెట్టి, మర పట్టించి, జల్లెడ పడతారు. మరీ మెత్తని పొడి ఎక్కువ ఉపరితలం ఇస్తుంది గాని గొట్టంలో నింపితే నీరు దిగదు. మరీ ముతకదైతే నీరు దిగుతుంది గాని లోహం పట్టదు. అందుకే తొట్టెలో కలిపి వడగట్టే పద్ధతికి సన్న పొడి, గొట్టపు వడపోతకు రవ్వ పరిమాణం ఎంచుకుంటారు.

తర్వాతి మెట్టు రంగు పోగొట్టడం. ఏ మొక్క పొడి అయినా నీటిలో వేస్తే టానిన్లు, చక్కెరలు, రంగులు దిగుతాయి. లోహం తగ్గినా నీటి ఆక్సిజన్ అవసరం పెరిగి మరో కాలుష్యం మొదలవుతుంది. సజల ఆమ్లంతోనో క్షారంతోనో కడగడం, లేదా గాలి తక్కువగా తగిలేలా కాల్చి బొగ్గు చేయడం దీనికి విరుగుడు. కొబ్బరి చిప్పల బొగ్గు గట్టిదనానికి, సూక్ష్మరంధ్రాలకు పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయు ముసుగుల్లో అది వాడారు.

పాతబస్తీలో దొరికే ముడిసరుకు

ఇరానీ హోటళ్లలో రోజూ మిగిలే టీపొడి ఇక్కడి ప్రత్యేక వనరు. టీ వ్యర్థాలు రాగిని, సీసాన్ని, నికెల్‌ను పట్టగలవని విదేశీ అధ్యయనాలు చూపాయి. ఇరానీ చాయ్‌లో డికాక్షన్‌ను విడిగా దమ్ పట్టి, చిక్కటి పాలను కప్పులో కలుపుతారు. కనుక మిగిలే పిప్పికి పాల కొవ్వు అంటదు. మరిగే నీళ్లతో కొన్నిసార్లు కడిగి రంగు పోగొడితే చాలావరకు సిద్ధమైనట్టే.

రంజాన్ నెలలో గుట్టలుగా మిగిలే ఖర్జూర గింజలు, ఏడాది పొడవునా వంటిళ్లలో మిగిలే చింతగింజలు, పండ్లరసం బండ్ల దగ్గరి చెరకు పిప్పి, దానిమ్మ తొక్కలు, చలికాలపు సీతాఫలం తొక్కలు కూడా పనికొచ్చేవే. చెరువులను, మూసీని కమ్మే గుర్రపుడెక్క వేళ్లకు లోహాలను పట్టే గుణం బలంగా ఉంది. కానీ కలుషిత నీటిలో పెరిగిన గుర్రపుడెక్క వేళ్లలో అప్పటికే లోహం చేరి ఉండవచ్చు. పరీక్షించకుండా దాన్ని అధిశోషకంగా వాడటం మంచిది కాదు.

నిజమైన నీటిలో ఎదురయ్యే చిక్కులు

ప్రయోగశాలలో సాధారణంగా స్వేదనజలంలో ఒకే లోహపు లవణాన్ని కలిపి పరీక్షిస్తారు. హైదరాబాద్ గ్రానైటు నేల కింది నీళ్లు చాలాచోట్ల కఠినజలాలు. లీటరుకు వందల మిల్లీగ్రాముల కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉన్న నీటిలో ఒకటి రెండు మిల్లీగ్రాముల నికెల్‌ను వెతికి పట్టడం పొడికి కష్టం. సబ్బు, నూనె, ప్లేటింగ్‌లో వాడే సంక్లిష్టకారకాలు ఉంటే మరీ కష్టం. లోహం వాటిని అంటిపెట్టుకుని పొడి వైపు రాదు.

రెండో చిక్కు పరిమాణం. మూసీ ఒడ్డున అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అంత నీటిలో లోహం మోతాదును లీటరుకు 0.2 నుంచి 0.1 మిల్లీగ్రాముకు తగ్గించాలనుకున్నా రోజుకు 33.9 కిలోల లోహం పట్టాలి. పై లెక్కలోని పొడి ఆ పలుచని నీటిలో గ్రాముకు 0.4 మిల్లీగ్రాము పడుతుంది కాబట్టి, తొట్టెలో కలిపే పద్ధతిలో రోజుకు దాదాపు 85 టన్నుల పొడి కావాలి. అంత పొడి తేవడం ఒక ఎత్తు, వాడాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మరో ఎత్తు. నదిని నదిలో శుభ్రం చేసే సాధనం ఇది కాదు.

అదే చిన్న ప్లేటింగ్ షాపు లెక్క వేరు. పూత పూసిన వస్తువులను కడిగిన 1000 లీటర్ల నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నికెల్ ఉంటే మొత్తం 10 గ్రాములు. గొట్టపు వడపోతలో గ్రాముకు 10 మిల్లీగ్రాములు పట్టే పొడి అయితే ఒక కిలో చాలు.

మూడో చిక్కు వాడేసిన పొడి. లోహం నిండిన పొడిని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి లోహాన్ని చిక్కటి ద్రావణంగా వెనక్కి తీయవచ్చు, పొడిని కొన్నిసార్లు తిరిగి వాడవచ్చు. అయితే ప్రతి కడుగుకూ సామర్థ్యం కొంత తగ్గుతుంది. చివరికి మిగిలేది ప్రమాదకర వ్యర్థమే. దాన్ని పొలంలో ఎరువుగా చల్లినా, చెత్తకుప్పలో వేసినా, పొయ్యిలో కాల్చినా పట్టిన లోహాన్ని మళ్లీ మనుషుల మీదికి వదిలినట్టే. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అది అధీకృత కేంద్రానికి చేరాలి. హైదరాబాద్‌కు అలాంటి కేంద్రం దుండిగల్‌లో ఉంది.

ఇతర పద్ధతుల పక్కన దీని స్థానం

పరిశ్రమల్లో ఎక్కువగా వాడేది సున్నంతోనో కాస్టిక్ సోడాతోనో పీహెచ్ పెంచి లోహాన్ని హైడ్రాక్సైడ్ బురదగా దించడం. ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటే ముందుగా ఆమ్లస్థితిలో సోడియం మెటాబైసల్ఫైట్ వంటి రసాయనంతో దాన్ని క్షయీకరిస్తారు. చిక్కటి నీటికి ఇది చవకైన మంచి మార్గం. కానీ చివరి కొద్ది మిల్లీగ్రాములు నీటిలోనే మిగులుతాయి. వాటిని తీయడానికి అయాన్ వినిమయ రెసిన్లు, రివర్స్ ఆస్మోసిస్ ఉన్నాయి గాని చిన్న కార్ఖానాకు ఖర్చు బరువు. సరిగ్గా ఈ చివరి మెట్టు దగ్గరే మొక్కల అధిశోషకానికి చోటుంది.

చిన్న యూనిట్‌లో ఆచరణీయమైన క్రమం ఇది. నికెల్ కడుగు నీటిని, క్రోమియం కడుగు నీటిని విడివిడి కాలువల్లో పట్టాలి. క్రోమియం నీటిని ముందుగా క్షయీకరించాక, రెండింటికీ సున్నంతో మొదటి శుద్ధి చేసి, తేరిన నీటి పీహెచ్‌ను ఆయా లోహానికి తగినట్టు సరిదిద్దాలి. ఆపైన రవ్వ పరిమాణపు అధిశోషకం నింపిన రెండు గొట్టాల గుండా వరుసగా పంపాలి. మొదటి గొట్టం నిండి లోహం జారడం మొదలైనా రెండోది ఆపుతుంది. అప్పుడు మొదటిదాన్ని ఖాళీచేసి కొత్త పొడి నింపి రెండో స్థానంలో పెట్టాలి. బయటికి వచ్చే నీటిని క్రమం తప్పకుండా ప్రయోగశాలలో పరీక్షించాలి, ఎందుకంటే లోహాన్ని కంటితో గాని రుచితో గాని పసిగట్టలేం. ఇదే కారణంగా ఇంట్లో బిందెలో ఆకుపొడి కలిపి తాగునీటిని శుద్ధి చేసుకోవాలనుకోవడం ప్రమాదకరం.

ఈ రంగంలో వందలాది మొక్కల మీద పరిశోధనాపత్రాలు వచ్చాయి. ఇప్పుడు కావలసింది మరో కొత్త ఆకు కాదు. కాటేదాన్‌లో ఒక ప్లేటింగ్ షాపు కాలువ దగ్గర, అక్కడి కఠినజలంతో, అక్కడి నూనె మురికితో, నెలల తరబడి నడిచే గొట్టపు వడపోత. గింజలను ఎంచి పరీక్షించిన విశ్వవిద్యాలయం, మట్టిని కొలిచిన ఎన్‌జీఆర్‌ఐ, వ్యర్థాన్ని దాచే దుండిగల్ కేంద్రం అన్నీ ఒకే నగరంలో, దాని అంచుల్లో ఉన్నాయి. కార్ఖానా గుమ్మం దాటకముందు ఒక కిలో పొడితో ఆపగలిగిన లోహాన్ని, గుమ్మం దాటాక టన్నుల పొడి కూడా వెనక్కి తేలేదు. ఆ భారం దిగువన గడ్డి కోసి పశువులకు వేసే రైతు మీద, ఆ పాలు తాగే పిల్లల మీద పడుతుంది. అందువల్ల మొక్కల అధిశోషకానికి సరైన చోటు లోహం పుట్టే కార్ఖానా లోపలే.